ముప్పై ఏడు పుట్టిన చోటికి

మా ముక్తేశ్వరం వైపు ఆడవాళ్ళు గోదావరి దాటితే పెళ్ళికో, ఆసుపత్రికో, ద్రాక్షారామం భీమేశ్వరుడి దర్శనానికో దాటుతారు. నేను ఒక అంకె కోసం దాటాను. ఆ అంకె ముప్పై ఏడు. అది ఎక్కడ పుట్టిందో, ఎవరు పుట్టించారో కళ్ళతో చూడాలని వెళ్ళాను. తిరిగి వచ్చాక అడిగిన వాళ్ళందరికీ నోటితో చెప్పి చూశాను. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వస్తోంది. అందుకని రాస్తున్నాను. నలభై ఆరో ఏట అక్షరాలు దిద్దినదాన్ని, తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. వీర్రాజు మా చిన్నాన్న కొడుకు. ఒకే పెరట్లో పెరిగాం. కొబ్బరి దింపు పని వాడిది. చెట్టెక్కి, గెలలు కోసి, దించడం. తొంభై ఆరు తుఫానులో మా చెట్లన్నీ పడిపోయినప్పుడు కూలీ కోసం ఊళ్ళు పట్టి తిరిగాడు. కొత్త చెట్లు కాపుకి వచ్చాక మళ్ళీ ఇంటిపట్టున ఉన్నాడు. మొన్న రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం, లారీ వచ్చేస్తోందని తోట ఆసామి బుల్లబ్బాయి గారు తొందరపెడితే, ఎండలోనే వరసగా చెట్లెక్కాడు. ఒంటిగంట వేళ ఒక చెట్టు దిగి దాని మొదట్లో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. పక్కన తాడిచెట్టుకి కల్లు ముంత వేలాడుతోంది. ఆ ముంతను చూసి తాగి ఎక్కాడన్నారు.

మూడో రోజున మా అరుగు మీద పది మంది కూర్చున్నారు. వీర్రాజు పెళ్ళాం సత్యవతి గుమ్మం వెనక నుంచి ఒక్కటే మాట అంటోంది.

"ఆయన చుక్క ముట్టడం మానేసి మూడేళ్ళయిందండి. ఆ రోజు సముద్రపు గాలి రాలేదు. ఆకు కదల్లేదు. ఆ ఎండే చంపేసింది."

బుల్లబ్బాయి గారు నెమ్మదైన మనిషి. గొంతు పెంచరు. "ఎండ ఎంతో మనం అనుకోవడం ఎందుకమ్మా? పేపర్లో వేస్తారు కదా. ఆ తారీఖు పేపరు తెప్పించండి. నాగరత్నం చదువుతుంది, చదువుకున్న మనిషి" అన్నారు.

టీ కొట్టు సూరిబాబు పాత పేపర్ల కట్టలోంచి ఆ తారీఖుది వెతికి తెచ్చాడు. నేను చదివాను. ఏడుపులో కూడా, పది మంది మగవాళ్ళ ముందు పేపరు పట్టుకున్నానన్న గర్వం ఒకటి లోపల ఉంది. దాచను. వాతావరణం గడిలో మాకు దగ్గర ఊరు కాకినాడ. దాని పక్కన ఉన్న అంకె పైకి చదివాను.

"కాకినాడ, ముప్పై ఏడు."

"విన్నారుగా. రోహిణిలో ముప్పై ఏడంటే చల్లటి రోజు కింద లెక్క" అన్నారు బుల్లబ్బాయి గారు. ఆ పూటతో మా తమ్ముడు తాగుబోతు అయిపోయాడు.

అంతటితో ఆగలేదు. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా చెట్టెక్కబోమని దింపు వాళ్ళు అడిగితే "ముప్పై ఏడుకేనా?" అన్నారు. భూమి వేడెక్కుతోందని రేడియోలో చెబితే సూరిబాబు కొట్టు దగ్గర నవ్వారు. "వాళ్ళ భూమి వేడెక్కుతోందేమో గానీ మన భూమికి ఏం కాలేదు. నాగరత్నం చదివింది కదా."

నా ఒంటికి మాత్రం ఆ రోజు గుర్తుంది. బిందె ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. నాకు పేపరు మీద అనుమానం వచ్చింది. సత్యవతికి అనుమానం కూడా లేదు, నమ్మకమే.

"ఆ అంకె అబద్ధం వదినా. నువ్వు వెళ్ళి అది ఎక్కడ కొలుస్తారో చూసి రా. నేను ఏడాది తిరిగేదాకా ఊరు దాటకూడదంటున్నారు. పిల్లలు బడికెళితే తాగుబోతు పిల్లలంటున్నారు."

వినాయక చవితి పందిళ్ళు తీసేసిన వారం బయలుదేరాను. మా ఆయన సంచి అందిస్తూ "ఎవరినీ నమ్మవు కదా, జాగ్రత్త" అన్నాడు. ఎవరి నుంచి జాగ్రత్తో చెప్పలేదు.

రేవు

గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. రేవు దాటించే పంటు మీద నా పక్కన ఒకావిడ అరటి గెలలతో కూర్చుంది. ఎక్కడికమ్మా అంటే చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి "ఎండ కొలిచేవాళ్ళని చూడ్డానికి డబ్బులు పెట్టుకుని వెళుతున్నారా? మా ఇంటికి రండి, రోహిణిలో మా రేకుల కింద కూర్చోబెడతాను, ఊరికే తెలుస్తుంది" అంది. పంటంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, అరటి గెలల మీద చెయ్యి వేసుకుని నా సంచి వైపు చూస్తున్న ఆ చూపు నచ్చక, సంచి ఒళ్ళోకి లాక్కున్నాను. కోటిపల్లిలో దిగేటప్పుడు ఆవిడే నా చెయ్యి పట్టి బల్ల దాటించింది. నా అనుమానాలు చాలావరకు ఇలాగే ఒడ్డుకి చేరేసరికి తేలిపోతుంటాయి. అయినా మానుకోలేను.

ద్రాక్షారామం సుద్దముక్క

దర్శనం చేసుకుని బయటకి వస్తే గుడి వీధిలో ఒక అరుగు గోడకి నల్లబల్ల కనిపించింది. దాని మీద మే నెలలో రాసిన గీతలు ఇంకా పూర్తిగా చెరగలేదు. ఎదురుగా పూలమ్మే ఆవిడని అడిగితే, ఆ ఇల్లు రిటైరైన లెక్కల మాస్టారిదని, రేడియోలో విని ఎండ ఎంతో రోజూ ఆయన బల్ల మీద రాస్తారని చెప్పింది.

"రోజూనా?"

"రోజూ అంటే రోజూ కాదండి. ఎక్కువున్న రోజే ఆయనకి సుద్దముక్క దొరుకుతుంది" అంటూ మాల కట్టడం ఆపకుండానే నవ్వింది. "ఇప్పుడు మా వీధిలో ఎవర్నడిగినా ప్రళయం వచ్చేస్తోందనే అంటారు. మా అత్తగారు వచ్చే ఏడు ఉండదని పట్టుచీర తీసి కట్టేసుకుంది."

మాస్టారు లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. ఉప్పు, కరివేపాకు, నిమ్మాకు. మా ఇళ్ళల్లో నిమ్మాకు వెయ్యరు. బాగుంది. నేను సూటిగానే అడిగాను.

"ఎండ తక్కువున్న రోజు రాయరేంటండీ?"

"తక్కువుంటే ఎవరు చదువుతారమ్మా?" అన్నారు ఆయన, ఏ మాత్రం తొణక్కుండా. "ముప్పై ఆరు అని రాస్తే ఆగేవాడు లేడు. నలభై నాలుగని రాస్తే సైకిలు దిగుతారు. భూగోళం వేడెక్కిపోతోంది, జనానికి తెలియాలా వద్దా?"

మా తమ్ముడు పోయిన తారీఖు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. "తారీఖు గుర్తులేదు గానీ ఆ వారంలోనే ఒకసారి కాకినాడ నలభై నాలుగని రాశాను. పెద్దక్షరాలతో రాశాను. కొత్త సుద్దముక్క విరిగిపోయింది కూడా."

నా చేతిలో ముప్పై ఏడు ఉంది. ఈయన నలభై నాలుగంటున్నారు. ఎక్కువున్న రోజే రాసే మనిషి, ఏడు డిగ్రీలు కలిపి రాయడని ఏంటి నమ్మకం? మజ్జిగ గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాను. నోటుబుక్కులో "మాస్టారు మంచివాడు, నమ్మరాదు" అని రాసుకున్నాను.

ఎక్కిన బస్సు

సెంటర్లో బస్సు బోర్డు మీద "కా" చూసి ఎక్కేశాను. అరగంట పోయాక కండక్టరు అందరినీ దింపేశాడు. కాకినాడ ఇంత దగ్గరా అనుకుని దిగి చూస్తే చుట్టూ వరిచేలు.

"ఇది కాజులూరండి. బోర్డు చదవలేదా?"

"చదివానండి."

"ఎంతవరకు చదివారు?"

మొదటి అక్షరం వరకు. అది నా అలవాటు. మొదటిది పట్టుకుని మిగతాది ఊహించుకుంటాను. వత్తులున్న మాట వస్తే గోతిని దాటినట్టు దాటేస్తాను. మాకు చదువు చెప్పిన పంతులమ్మ గారు ఎన్నిసార్లు మొత్తుకున్నా పోలేదు. కాజులూరులో వేరే బస్సు కోసం కూర్చున్నంతసేపూ కండక్టరునే తిట్టుకున్నాను, ఎక్కేటప్పుడు అరవకూడదా అని. కాకినాడ చేరేసరికి దీపాలు పెట్టేశారు. మా ఊరి నుంచి వెళ్ళి అక్కడ మిషను కుట్టుకుంటున్న వాళ్ళింట్లో పడుకున్నాను.

కాకినాడలో నీడ

మర్నాడు అడుగుతూ అడుగుతూ వాతావరణం కొలిచే ఆఫీసుకి వెళ్ళాను. ఏదో పెద్ద యంత్రం ఉంటుందనుకున్నాను. గడ్డి మధ్యలో నాలుగు కాళ్ళ మీద తెల్ల రంగు వేసిన చెక్క పెట్టె ఉంది. కిటికీ రెక్కల్లాంటి బద్దలు చుట్టూ. మా ఊళ్ళో పావురాల గూడు దీనికంటే పెద్దది. కాపలా మనిషి వద్దన్నా, లోపలి నుంచి ఒక నడివయసు ఉద్యోగి వచ్చి "రండమ్మా, చూడండి" అన్నారు. అంత తేలిగ్గా రానిచ్చారంటే దాచాల్సింది ముందే దాచేసి ఉంటారనుకున్నాను.

"ఎండ కొలిచేది ఇందులోనేనా అండి?"

"ఇందులోనేనమ్మా. థర్మామీటర్లు ఉంటాయి."

"మరి ఎండ తగలకుండా ఈ తలుపులేంటి?"

"తగలకూడదమ్మా. మేం కొలిచేది గాలి వేడి. దాన్ని నీడలోనే కొలవాలి. ప్రపంచమంతా ఇంతే."

"ప్రపంచమంతా నీడలో కూర్చుని ఎండ కొలుస్తోందా?"

ఆయన గట్టిగా నవ్వారు. "మా ఆవిడ కూడా ఇదే అంటుంది" అన్నారు.

"మా తమ్ముడు ఎండలో ఉన్నాడండి. కొబ్బరిచెట్టు మీద" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, మొత్తం విన్నారు. సముద్రపు గాలి పదకొండింటికల్లా వచ్చేస్తే కాకినాడ చల్లబడిపోతుందని, ఒక్కోరోజు పడమటి గాలి దాన్ని రానివ్వదని, ఆ రెండు రోజులకీ ఆరేడు డిగ్రీల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదని చెప్పారు. పగటి వేడి సాయంత్రం చూసి పైకి పంపుతామని, అక్కడి నుంచి రేడియోకి, పేపర్లకి వెళుతుందని చెప్పారు. అన్నీ రాసుకున్నాను. "సాయంత్రం" అని కూడా రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన బుర్రకి ఎక్కదని నాకు అప్పటికింకా తెలియదు.

"ఆ తారీఖు రిజిస్టరు చూపించండి."

"అలా చూపించడానికి లేదమ్మా. పెద్దాఫీసుకి అర్జీ పెట్టుకోవాలి. పోనీ రాజమండ్రిలో గ్రంథాలయానికి వెళ్ళండి. పాత పేపర్లు ఉంటాయి."

రిజిస్టరు చూపించకుండా పేపరు దగ్గరికి పంపుతున్నాడు. పేపరు మీద అనుమానం వచ్చే కదా నేను ఇక్కడికి వచ్చింది? గేటు దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. అదీ నాకు అనుమానంగానే అనిపించింది.

బస్టాండు దగ్గర గొట్టం కాజా కొన్నాను. గొట్టం లోపలికి పాకం ఎలా ఎక్కిందో చూద్దామని కొరికితే ఒక్కసారిగా కారి నోటుబుక్కు మీద పడింది. మాస్టారి పేజీ, ముప్పై ఏడు రాసుకున్న పేజీ అతుక్కుపోయాయి. విప్పితే చిరిగాయి. మా ఇళ్ళల్లో చేసే కాజా మడతలది. ఇలా మనిషిని మోసం చెయ్యదు.

శుక్రవారం

రాజమండ్రిలో గ్రంథాలయం తలుపుకి తాళం. పక్కన పండ్ల బండి ఆయన "శుక్రవారం సెలవండి. రేపు రెండో శనివారం, అదీ సెలవే. రాష్ట్రమంతా ఇంతే" అన్నాడు. నేను వస్తున్నానని తెలిసి ఆఫీసు వాళ్ళు ఫోను చేసి మూయించారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. మరుక్షణం నాకే సిగ్గేసింది. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి రోజ్ మిల్కు తాగాను. రంగు చూస్తే బట్టలకి అద్దేదిలా ఉంది. రుచి మాత్రం బాగుంది. కొబ్బరిబొండం ధర చూసి గుండె ఆగినంత పనైంది. ఆ బొండం దింపినవాడికి అందులో ఎంత దక్కిందో అడిగితే అమ్మేవాడు "అది చెట్టుని అడగండి" అన్నాడు. నేను తాగకుండా వచ్చేశాను.

రెండు రోజులు ఎక్కడుండాలి? నిడదవోలులో మా పెద్దమ్మ కూతురు రాజ్యం అక్క ఉంది. వంతెన మీంచి ప్యాసింజరు బండిలో వెళ్ళిపోయాను.

నిడదవోలు వాన పుస్తకం

అక్క మొగుడు, మా బావగారు, వీధి అరుగు మీంచే మొదలుపెట్టారు.

"రావమ్మా మరదలా! పంతులమ్మవైపోయావట. పేపర్ల వాళ్ళ మీద కేసు పెడతావట."

"మీ మీద పెట్టడానికి వచ్చాను బావగారూ."

బావగారి దగ్గర ఒక పుస్తకం ఉంది. వాళ్ళ నాన్నగారు మొదలుపెట్టినది. పెరట్లో ఇటుకల దిమ్మె మీద గరాటు బిగించిన రేకు డబ్బా ఉంటుంది. వాన పడినప్పుడల్లా అందులో ఎన్ని అంగుళాలు చేరిందో పుల్లతో కొలిచి రాస్తారు. తండ్రి పోయాక ఈయన ఒక్క వాన కూడా వదల్లేదు.

"పెళ్ళాం పుట్టినరోజు అడుగు, తెలీదు. ఏ వానకి ఎన్ని అంగుళాలో అడుగు, చెబుతారు" అంది అక్క, పెసరట్టు తిప్పుతూ.

"భూగోళం సంగతి నాకు తెలీదు మరదలా. నిడదవోలులో మాత్రం ఏం మారలేదు. వానలు తగ్గాయని ఎవడైనా మా వీధిలో అంటే నా పుస్తకం తెచ్చి ముందు పెడతారు. ఇంకేమీ మాట్లాడరు. మా నాన్నగారి కాలం కంటే ఇప్పుడే కాస్త ఎక్కువ."

ద్రాక్షారామంలో నల్లబల్ల, ఇక్కడ పుస్తకం, మా ఊళ్ళో నా నోరు. ఒకే గోదావరి నీళ్ళు తాగే వాళ్ళం. ఎవరి ఊళ్ళో ఏది రాసి ఉంటే వాళ్ళకి అదే లోకం.

శనివారం మధ్యాహ్నం తూర్పు నుంచి గట్టి వాన పట్టుకుంది. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని ఆ డబ్బానే చూస్తున్నాను. కొత్త స్లాబు సన్‌షేడ్ మూల నుంచి నీటి ధార దూకి, ఇటుకల దిమ్మెకి తగిలి, గాలి విసిరినప్పుడల్లా నేరుగా గరాటులోకి పడుతోంది.

"బావగారూ, ఇందులో ఆకాశం వాన ఎంత, మీ సన్‌షేడ్ వాన ఎంత?"

ఆయన గొడుగు వేసుకుని వెళ్ళి డబ్బా పక్కన నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు.

"అక్కా, ఈ స్లాబు ఎప్పుడు వేశారు?"

"తుఫాను వచ్చిన మరుసటేడు."

"అయితే అప్పటినుంచీ ఇంటి మీద కురిసింది కూడా ఊరి లెక్కలో రాస్తున్నారు. డబ్బా జరపండి బావగారూ."

"జరిపితే వాన తగ్గిపోతుందే!" అన్నారు ఆయన, నిజంగానే భయపడిపోయి.

అక్కా నేనూ పడీ పడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. లోపలికి వచ్చి తల తుడుచుకుంటూ "ఇన్నేళ్ళు వీధి వీధంతా నా మాట మీద నడిచింది. ఇప్పుడు ఏమని చెప్పమంటావు?" అన్నారు. ఆ పూట భోజనానికి నా పక్కన కూర్చోలేదు. ఆయన బాధ నాకు పట్టలేదు. ఒక అబద్ధం పట్టుకున్నానన్న ఉషారులో ఉన్నాను. ఇంకొకటి రాజమండ్రిలో పట్టుకోబోతున్నాననుకున్నాను.

మళ్ళీ రాజమండ్రి

ఆదివారం గ్రంథాలయంలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక ఉద్యోగిని ఉన్నారు. మే నెల పేపర్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. దుమ్ము తుడిచి, ఆ తారీఖు తీశాను. కాకినాడ, ముప్పై ఏడు. సూరిబాబు పేపరులో ఏముందో ఇక్కడా అదే ఉంది. ఎవరూ దిద్దలేదు. ఎవరూ చెరపలేదు.

సత్యవతికి ఏం చెప్పాలి? అంకె నిజమే, నీ మొగుడే తాగాడని చెప్పాలా?

నోటుబుక్కులో పాత పేజీ పాకంలో పోయింది కాబట్టి ఆ గడి మొత్తం మళ్ళీ రాసుకుందామని కూర్చున్నాను. చదివితే తప్పించుకోవచ్చు గానీ, రాస్తే ఏ అక్షరమూ వదలడానికి ఉండదు. పైనుంచి మొదలుపెట్టాను. గడి నెత్తిన సన్నటి అక్షరాలతో రెండు మాటలున్నాయి. రెండో మాటలో ణ వత్తు, క్రావడి. నాకు గొయ్యి. ఆ గొయ్యి చూసే మా అరుగు మీద రెండు మాటలూ కలిపి దాటేశాను. ఇప్పుడు దాటలేదు. మొదటి మాట కాగితం మీద దిద్దాను. ని. న్న. టి.

నిన్నటి ఉష్ణోగ్రతలు.

పెన్ను ఆగిపోయింది. పేపరు మా రేవుకి పొద్దున్నే మొదటి పంటు మీద వస్తుంది. మా తమ్ముడు ఒంటిగంటకి పోయాడు. పొద్దున వచ్చిన పేపరుకి ఆ మధ్యాహ్నం ఎండ ఎలా తెలుస్తుంది? సాయంత్రం చూసి పంపుతామని ఆ ఉద్యోగి చెప్పనే చెప్పారు. నేను రాసుకున్నాను కూడా.

మర్నాటి పేపరు తిప్పాను. కాకినాడ, నలభై నాలుగు.

మాస్టారు ఏమీ కలపలేదు. ఆఫీసు ఏమీ దాచలేదు. పేపరు అబద్ధమాడలేదు. గోదావరి దాటినప్పటినుంచీ అరటి గెలల ఆవిడ దగ్గర్నుంచి గ్రంథాలయం తాళం దాకా అన్నిటినీ అనుమానించాను. నన్ను నేను ఒక్కసారి కూడా అనుమానించుకోలేదు. మా తమ్ముణ్ణి తాగుబోతుని చేసిన నోరు నాది.

"ఏమ్మా, దొరకలేదా?" అన్నారు ఆ ఉద్యోగిని దగ్గరికి వచ్చి.

"దొరికిందండి."

"మరి ఏడుస్తారేంటి?"

"ఇప్పుడే చదవడం వచ్చిందండి" అన్నాను.

ఆవిడ రెండు పేజీలూ తీసుకుని నాతో కూడా వచ్చి, ఎదురు వీధిలో జెరాక్సు తీయించి ఇచ్చారు.

ఇల్లు

రావులపాలెం మీదుగా వచ్చే బస్సులో బావగారు గుర్తొచ్చారు. ఏమని చెప్పమంటావు అన్న ఆయన మాట అప్పుడు నవ్వులాట అయింది. ఇప్పుడు నాకూ అదే ప్రశ్న. ఎవరికీ చెప్పకుండా, కాకినాడ వాళ్ళు తప్పు దిద్దుకున్నారని ఒక మాట అల్లితే సరిపోతుంది. తమ్ముడి పేరూ నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. అమలాపురం దాకా ఆ మాట అల్లుతూనే ఉన్నాను.

సత్యవతి పెరట్లో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చేతులు కడుక్కోకుండానే లేచింది. అల్లిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కాగితాలు రెండూ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను తప్పు చదివానని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. మసి చేతులతోనే గోడకి జారబడి కూర్చుంది.

"నువ్వు చదివినప్పుడు నేనూ నమ్మాను వదినా" అంది. "పైకి అనలేదు. తాగే ఉంటాడేమో, నాకు తెలియకుండా తాగుతున్నాడేమో అని... చచ్చిపోయినవాణ్ణి మనసులో తిట్టుకున్నాను. అబద్ధమైతే బాగుండునని నిన్ను పంపాను."

ఆ మాట కంటే తిట్టు నయం.

ఆ సాయంత్రమే సూరిబాబు కొట్టు దగ్గర జనం ఉన్న వేళ చూసి వెళ్ళాను. సత్యవతి ఊరు దాటకూడదన్నారు గానీ వీధి దాటకూడదనలేదని నా వెనకే వచ్చింది. నిలబడి, నెత్తి మీది సన్నక్షరాల నుంచి మొదలుపెట్టి రెండు కాగితాలూ చదివాను. వత్తులు కూడా వదల్లేదు. మూడో రోజున తప్పు చదివింది నేనేనని, వీర్రాజు పోయిన రోజు ఎండ నలభై నాలుగని చెప్పాను.

సూరిబాబు బుర్ర గోక్కున్నాడు. "మర్నాటి పేపరు అప్పటికే బజ్జీల కింద వెళ్ళిపోయుంటుంది" అన్నాడు. దింపు వాళ్ళల్లో పెద్దవాడు సత్యవతి వైపు తిరిగి, "తప్పుగా మాట్లాడాం చెల్లెమ్మా" అన్నాడు. బుల్లబ్బాయి గారు టీ గ్లాసు కింద పెట్టి "సరేలే, అయిపోయిందానికి ఇప్పుడేం చేస్తాం. మధ్యాహ్నం పని సంగతి వచ్చే ఎండాకాలం చూద్దాం" అని లేచి వెళ్ళిపోయారు.

నేను సూరిబాబుని అడిగి కొట్టు గోడ మీద ఒక మూరెడు జాగా తీసుకుని నల్ల రంగు వేయించాను. రోజూ పేపరు రాగానే అక్కడ కాకినాడ అంకె రాస్తున్నాను. ఎక్కువున్నా రాస్తాను, తక్కువున్నా రాస్తాను. అంకె కంటే పైన, అంకె కంటే పెద్దగా "నిన్న" అని రాస్తాను. ఇవాళ్టిది ఎప్పుడు రాస్తావని ఎగతాళి చేసేవాళ్ళు ఉన్నారు. రేపు అంటాను.

ఇది రాస్తూ ఉండగానే మళ్ళీ రోహిణి కార్తె వచ్చింది. ఏడాది తిరిగాక సత్యవతి తోటలో కాయలు పోగేసే పనికి వెళుతోంది. మొన్న ఒక రోజు పదకొండు దాటినా సముద్రపు గాలి రాలేదు. ఆకు కదల్లేదు. దింపు వాళ్ళు తాళ్ళు విప్పేసి నీడన కూర్చున్నారు. లారీ వచ్చి నిలబడింది. బుల్లబ్బాయి గారు సైకిలు మీద వచ్చి, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా, "బోర్డు చూసే వస్తున్నాను. ముప్పై ఎనిమిదే కదా ఉంది, ఇంకా కూర్చున్నారేంటి?" అన్నారట.

సత్యవతికి ఇప్పటికీ అక్షరాలు రావు. కానీ రోజూ ఆ గోడ పక్కనుంచే వెళుతుంది కాబట్టి పై మాట ఆకారం తెలుసు. కాయలు కింద పెట్టి చెప్పిందట.

"అది నిన్నటిదండి."